కుడిచేతికి చేసిన పిడి

మా ఇంట్లో చేప ఎప్పుడూ ఆయన పనే. తేవడం, పొలుసు తీయడం, కోయడం, కడగడం అన్నీ ఆయనవే. వండటం మాత్రం నాది. నేను కూరగాయలు కత్తిపీట మీద కోస్తాను. ఆయన కత్తిపీట ముందు ఒక్కనాడూ కూర్చోలేదు. ఉక్కు ప్లాంటులో ముప్పై మూడేళ్లు ఫిట్టరుగా, ఇనుప ముక్కను కదలకుండా బిగించి పట్టే వైసు ముందు నిలబడ్డ మనిషి. వంటింటి గట్టు మీద చెక్క పలక వేసుకుని, తను చేసుకున్న చాకుతో నిలబడే కోసేవారు. యంత్రపు రంపానికి వాడి అరిగిపోయిన బ్లేడును పాత సామాన్ల కొట్టులో కొని, దాన్ని ఆకురాయితో రాసి చాకుగా మార్చేవారు. అలా పదకొండు చాకులు చేశారు. పన్నెండోదానికి బ్లేడు పూర్తయింది గానీ పిడి పెట్టలేదు. ఏప్రిల్ పదకొండున పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, కొంత మాట పోయాయి. కాలు ఆరు నెలల్లో చాలావరకు తిరిగి వచ్చింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. చెయ్యి రాలేదు.

ఆ తర్వాత ఆయన చేప ముట్టలేదు. వైద్యులు వద్దనలేదు, నూనె తగ్గించమన్నారంతే. పథ్యం కాబోలని మొదట్లో నేను కూడా పట్టించుకోలేదు. ఏడాది దాటిన తర్వాత, సముద్రంలో వేట నిషేధం ముగిసిన మొదటి ఆదివారం మా తమ్ముడు హార్బరుకు వెళ్లి కోనాం చేప ముక్కలు కోయించి తెచ్చాడు. అది జూన్ పదిహేను. వాడు సింహాచలం కొండ కింద ఉంటాడు, మేము పెందుర్తిలో ఉంటాము. ఆదివారం వచ్చిందంటే పన్నెండింటికల్లా మా గుమ్మంలో ఉంటాడు. నేను వండి వడ్డించాను. ఆయన ఎడమ చేత్తో కంచాన్ని పక్కకు జరిపారు.

"ఏం బావా, కోనాం బావా. ఐసులోది కాదు, పడవలోంచి దించిందే" అన్నాడు తమ్ముడు.

ఆయన మాట కూడదీసుకోవడానికి కొంత సమయం పట్టింది.

"ఎవలో కోసింది" అన్నారు.

నేను చారు పోస్తే అన్నం తిన్నారు. ఆ రోజు నాకు అర్థమైంది. చేప సయించక కాదు, తన చేతి మీదుగా రాని చేప తినబుద్ధి కాక మానేశారు. పద్నాలుగు నెలలు. ఇంకొన్నాళ్లు పోతే మరొకటి మానేస్తారు, ఆ తర్వాత ఇంకొకటి. మా అత్తగారు అలాగే ఒక్కొక్కటే మానేస్తూ పోయారు, నేను చూశాను. ఆ సాయంత్రం అలమరలోంచి పన్నెండో బ్లేడు తీశాను. నూనె రాసి న్యూస్‌పేపర్లో చుట్టి ఉంది. తూచాను. నూట నాలుగు గ్రాములు. దీనికి ఆయన చేతికి తగిన పిడి పెడితే ఆయన మళ్లీ కోస్తారు, కోస్తే తింటారు అనుకున్నాను. నా లెక్క అంతవరకే.

నేను ఇరవై తొమ్మిదేళ్లు పోర్టు రోడ్డులో ఒక కలప అడితిలో లెక్కలు రాశాను. ఓడల్లో బర్మా నుంచి, మలేషియా నుంచి, ఆఫ్రికా నుంచి దుంగలు వచ్చేవి. దుంగ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. అలా ఎన్ని వేల దుంగలు రాశానో. కానీ ఆ కర్రను చేత్తో పట్టుకుని ఒక వస్తువు చేసింది లేదు. పేరూ కొలతా తప్ప నాకు కర్ర గురించి ఏమీ తెలియదు. మర్నాడు సోమవారం బస్సెక్కి అడితికి వెళ్లాను.

రంపం మిషను దగ్గర నా కాలం నాటి మనిషి ఒక్కడే మిగిలాడు. ఇప్పుడు తాను కోయడు, పక్కన స్టూలు మీద కూర్చుని కోసేవాళ్లను తిడుతుంటాడు. అడితిలో లెక్కలు రాసేవాళ్లను రైటరు అంటారు, అందుకని నేను వాళ్లకు రైటరమ్మను.

"ఏటి రైటరమ్మగారూ, దారి తప్పిపోనారేటి?" అన్నాడు.

వచ్చిన పని చెప్పాను.

"లారీల లెక్కన కర్ర రాసిన మనిసి, ఇప్పుడు జానెడు ముక్క కోసం వచ్చారా" అని చాలాసేపు నవ్వాడు. నవ్వడం అయ్యాక లేచి, కోతలో మిగిలిన తుంటలు పడేసే మూలకు తీసుకెళ్లాడు. ఏళ్ల తరబడి అక్కడే పడి ఎండిన ముక్కలవి. నాలుగు రకాలు బయటికి లాగాడు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఎబొనీ, బొగ్గులా నలుపు. బర్మా పింకోడా, నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. మన రోజ్‌వుడ్. నాలుగోది పడాక్, అదీ ఆఫ్రికాదే, పైకి మట్టి రంగులో ఏమీ లేనట్టు ఉంది. అన్నీ నాకు పుస్తకాల్లో తెలిసిన పేర్లే. అతను ఒక తడి గుడ్డ తెచ్చి నాలుగింటినీ తుడిచాడు. నూనె పట్టించాక కర్ర ఏ రంగులో ఉంటుందో తడి చేస్తే ఇప్పుడే కనిపిస్తుందట. పడాక్ ముక్క మీద గుడ్డ పడగానే లోపల దీపం పెట్టినట్టు ఎర్రబడింది. ఇరవై తొమ్మిదేళ్లు ఆ పేరు రాశాను, దాని రంగు అదని నాకు ఆ రోజే తెలిసింది.

తెల్లచెక్క వద్దు, చేవ ఉన్న భాగమే తీసుకోమన్నాడు. ముక్క చివర గోరుతో గీరి చూడమన్నాడు. సన్న బీట ఉంటే గోరుకు తగులుతుందట. కంటికి కనిపించే బీట కంటే గోరుకు తగిలే బీట ప్రమాదమన్నాడు, ఎందుకంటే అది ఇంకా పెరగాల్సి ఉంది. పిడి పొడవునా నార తిన్నగా సాగే ముక్క ఏరమన్నాడు. నేను వింటూ రాసుకున్నాను. చివరికి నాలుగు రకాల్లోనూ ఒక్కొక్క పట్టీ, వాటితో పాటు మూడు సెంటీమీటర్ల ఘనం ఒక్కొక్కటి కోయించమన్నాను.

"ఘనాలేటమ్మా, పాచికలాడతారేటి?"

తూచడానికన్నాను. కర్రను తూచి కొనే మనిషిని తన జన్మలో చూడలేదన్నాడు. అయినా కోయించి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి వంటింటి కాటా మీద నాలుగు ఘనాలూ తూచాను. ఒక్కొక్కటి ఇరవై ఏడు ఘన సెంటీమీటర్లు. ఎబొనీ ముప్పై గ్రాములు, పింకోడా ఇరవై ఏడు, రోజ్‌వుడ్ ఇరవై మూడు, పడాక్ ఇరవై ఒకటి. పిడికి రెండు పక్కలా అతికించే పలకలు కలిపి సుమారు యాభై ఘన సెంటీమీటర్లు ఉంటాయి. అంటే ఎబొనీ పెడితే యాభై ఆరు గ్రాములు, పడాక్ పెడితే ముప్పై తొమ్మిది. పదిహేడు గ్రాముల తేడా. మంచి చేతికి పదిహేడు గ్రాములు లెక్కలోకి రావు. చెంచా రెండు నిమిషాలు పట్టుకోలేని చేతికి అదే లెక్క.

ఆ తర్వాత చర్మం చూశాను. ఇలాంటి పరాయి దేశపు కర్రల పొడి కొందరికి పడదని, దద్దురు వస్తుందని అడితి మనిషి చెప్పాడు. నాలుగింటి పొడీ విడివిడిగా నా మోచేతి లోపల రుద్దుకుని గుడ్డ కట్టుకున్నాను. మూడు రోజులు చూశాను. మూడో రోజు రోజ్‌వుడ్ చోట ఎర్రగా దురద వచ్చింది. దాన్ని తీసేశాను. మిగిలిన మూడూ ఆయన చేతికి కట్టబోయాను. ఆయన గుడ్డ వైపు, నా వైపు చూశారు.

"ఆడిట్టా?" అన్నారు.

ఆ వారంలో ఆయన వేసిన మొదటి జోకు అది. ఆయనకు జబ్బు చేసినప్పటి నుంచి అన్నీ రాస్తున్న పుస్తకంలో రాసుకున్నాను.

మూడింటిలో ఏదీ ఆయనకు దద్దురు తేలేదు. ఆయనకు నచ్చింది ఎబొనీ. వేలు పెట్టి చూపించారు. ఫిట్టర్లకు నల్లటి పిడి అంటే ఒక గౌరవం. నేను గ్రాముల లెక్క చెబితే వినలేదు. ఆయన కోరిన ఎబొనీ, అన్నిటికంటే తేలికైన పడాక్, ఆ రెండు పట్టీలూ ఒకదాని తర్వాత ఒకటి ఆయన కుడి చేతిలో పెట్టాను. నల్లది పదకొండు లెక్కపెట్టేసరికి జారింది. ఎర్రది పంతొమ్మిది దాకా ఉంది. ఆయన కిందపడ్డ ఎబొనీ వైపు చూసి, సరే నీదే కానీమన్నట్టు తలూపారు. ఆ చూపు నాకు బాగా అనిపించలేదు. కానీ లెక్క లెక్కే.

తమ్ముడు వచ్చి పడాక్ పట్టీ చూసి హడలిపోయాడు.

"అక్కా, దీన్ని సంచిలో ఎట్టుకుని బస్సులో వచ్చేసేవేటే? ఎర్రసందనం అనుకుని పోలీసోలు అట్టుకుంటే బావకి పిడి దేవుడెరుగు, నీకు బేడీలు."

అప్పుడే కోసిన చోట అది నిజంగా ఎర్రచందనంలాగే ఉంటుంది. ఎండ తగిలే కొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుందట. అందుకే నీడలో ఉంచాను. ప్రతి సోమవారం ఉదయం ఆరింటికి తూచాను. మూడు వందల పన్నెండు, మూడు వందల నాలుగు, రెండు వందల తొంభై తొమ్మిది, రెండు వందల తొంభై ఏడు, మళ్లీ రెండు వందల తొంభై ఏడు. బరువు తగ్గడం ఆగిందంటే లోపలి తడి పోయినట్టు. ఆరో సోమవారం నాడు రెండు గ్రాములు పెరిగింది. ముందు వారమంతా వాన. విశాఖలో వానాకాలం గాలికి ఆరవేసిన చీరే ఆరదు, కర్ర ఎలా ఆరుతుంది? ఫ్రిజ్జు వెనక వెచ్చగా ఉండే చోట నాలుగు రోజులు నిలబెట్టి, ఆ రెండు గ్రాములూ దింపి అప్పుడు కోయించాను.

ఈలోగా ఆయన చేతి కొలత తీసుకున్నాను. గోధుమపిండి గట్టిగా కలిపి, ఒక కర్రముక్క చుట్టూ పట్టించి, ఆయన కుడి చేతిలో పెట్టి వేళ్లు ఒక్కొక్కటిగా నేనే మూశాను. తీసి చూస్తే నాలుగు వేళ్ల గుర్తులు, బొటనవేలి గుంట, అరచేతి మెత్తటి భాగం ఆనిన చోటు కనిపిస్తాయి. ఒక్కసారి తీస్తే నమ్మకూడదని ఏడు రోజులు, రోజుకొకసారి తీశాను. నాలుగు వేళ్ల వెడల్పు సగటున ఎనభై నాలుగు మిల్లీమీటర్లు. నేను వేళ్లు మూస్తుంటే కిటికీ వైపు చూసేవారు. నొప్పి పుడుతోందా అంటే లేదనేవారు. పెళ్లైన నలభై ఆరేళ్లలో ఆయన చెయ్యి అంతసేపు నా చేతుల్లో ఎన్నడూ లేదు. ఆ చెయ్యి చల్లగా, బరువుగా ఉండేది. పాత కాలిన మచ్చలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

జూలై చివరి ఆదివారం తమ్ముడు బ్లేడు వెనక భాగానికీ పలకలకూ కలిపి మూడు బెజ్జాలు వేశాడు. రెండు ట్యూబుల జిగురు కలిపి పలకలు అతికించి, బెజ్జాల్లో ఇత్తడి కడ్డీ ముక్కలు దిగ్గొట్టి, క్లాంపులు బిగించాడు. అక్కడి నుంచి పని నాది. తాను చేస్తానన్నాడు గానీ నేను ఇవ్వలేదు.

ఆకురాయి పట్టడం అరవై ఎనిమిదేళ్ల వయసులో నేర్చుకున్నాను. నారతో పాటు తోస్తే కర్ర మాట వింటుంది, ఎదురు తోస్తే పేడు లేస్తుంది. కుడి పలకను అరచేతిలో నిండేలా ఉబ్బుగా ఉంచాను, పదకొండు మిల్లీమీటర్లు. ఎడమ పలక మీద బొటనవేలికి గుంట తీశాను. ఆ తర్వాత ఎమిరీ పేపరు, నంబరు పెరిగే కొద్దీ దాని గరుకు తగ్గుతుంది. ముందు ఎనభై నంబరు, తర్వాత నూట ఇరవై, రెండు వందల ఇరవై, చివరకు నాలుగు వందలు. నున్నగా అయిందనుకున్నాక తడి గుడ్డతో తుడవాలి. తుడిస్తే కర్ర మీద సన్నటి నూగు లేస్తుంది. ఆరాక ఆ నూగు రుద్దేయాలి. తడి తగిలినా ఇక లేవనంతవరకు అలా చేయాలి. చేప కోసే చాకుకు తడి ఎలాగూ తప్పదు. నాకు నాలుగుసార్లు పట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని రుద్దేదాన్ని. ముక్కుకు గుడ్డ కట్టుకునేదాన్ని. ఎర్రటి పొడి చీర కుచ్చిళ్లలో, గోళ్లలో, ఒకరోజు పెరుగు గిన్నెలో కూడా కనిపించింది. ఆయన కళ్లు మూసుకుని పడుకునేవారు. నిద్రపోయారనుకునేదాన్ని. కాసేపటికి, "మార్చు" అనేవారు. పేపరు అరిగిపోయిందని ఆయనకు చప్పుడును బట్టి తెలిసిపోయేది. వేలితో తడిమి చూస్తే నిజంగానే అరిగి ఉండేది. ఒకరోజు నేను నూట ఇరవై మీద పని పూర్తి కాకుండానే తర్వాతి నంబరు అందుకున్నాను. కళ్లు తెరవకుండానే, "ఎనక్కెల్లు" అన్నారు. వెలుతురులో తిప్పి చూస్తే రెండు గీతలు ఉన్నాయి. వెనక్కి వెళ్లాను. ఆ మధ్యాహ్నాలు నాకు ఇష్టంగా ఉండేవి. పని తొందరగా అయిపోకూడదనుకునేదాన్ని కూడా.

అవిసె నూనె ఆరు పూతలు పెట్టాను. గుడ్డతో పల్చగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడిచేయాలి. తుడవకపోతే జిగటగా మిగిలిపోతుంది. ఎండాకాలమైతే పూతకు ఒక రోజు సరిపోతుంది. ఆ ఆగస్టు గాలికి మూడేసి రోజులు పట్టాయి. పద్దెనిమిది రోజులు. నూనె గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయని తమ్ముడు హెచ్చరించాడు, అందుకని తీగ మీద విడివిడిగా ఆరేసేదాన్ని. ఆరో పూత ఆరేసరికి పిడి కొత్త చింతపండు రంగుకు, లోపల ఎరుపు కదులుతున్నట్టుగా వచ్చింది. మొత్తం చాకు బరువు నూట యాభై గ్రాములు. ఇత్తడి కడ్డీలూ జిగురూ కలుపుకుని నేను వేసిన అంచనాకు ఒక గ్రాము ఎక్కువ.

ఆగస్టు ఇరవై నాలుగు, ఆదివారం, ఉదయం తొమ్మిదింటికి ఆయన కుడి చేతిలో పెట్టాను. వేళ్లు గుర్తుల్లోకి వెళ్లి కూర్చున్నాయి. ఎక్కడా సందు లేదు. ఆ రోజు పెందలాడే వచ్చిన తమ్ముడు చూసి, చేతికి పుట్టినట్టుందన్నాడు. గట్టు మీది చెక్క పలక మీద దోసకాయ పెట్టాను. ఆయన నన్ను చూసి, దోసకాయను చూసి, చాకు ఆనించి నొక్కారు. మొదటి ముక్క తెగింది. రెండోది సగం తెగింది. మూడోసారి వేళ్లు విడిపోయి చాకు కిందపడింది. పిడి బాగుంది, పట్టు బాగుంది, కొలతలన్నీ సరిపోయాయి. నొక్కడానికి చేతిలో బలం లేదు. పిడి ఎంత బాగా చేసినా బలం పిడిలోంచి రాదు కదా. ఆ సంగతి ముందే ఆలోచించాల్సింది.

"బాగుంది" అన్నారు ఆయన. నా కోసం అన్నారని తెలుస్తూనే ఉంది. వెళ్లి మంచం మీద కూర్చున్నారు. ఆ రోజు తమ్ముడు కానాగంత చేపలు తేబోతే వద్దన్నాను. ముగ్గురం పప్పు తిన్నాం.

మంగళవారం కళ్లజోడు అద్దం బిగించుకుందామని ద్వారకా నగర్ బయలుదేరాను. వెళ్లి రావడానికి మధ్యాహ్నం ఒంటిగంట అవుతుందని చెప్పాను. కొట్టు మూసి ఉంది. పదకొండుంబావుకే తిరిగి వచ్చాను. తాళంచెవి నా దగ్గర ఉంది కనుక తలుపు నేనే తీసుకున్నాను.

ఆయన వంటింటి గట్టు ముందు నిలబడి ఉన్నారు. పలక మీద సొరకాయ ముక్క ఉంది. కుడి చెయ్యి దాని మీద బోర్లా పడుకుని ఉంది. చాకు ఎడమ చేతిలో ఉంది. నేను గుమ్మంలో నిలబడి మూడు ముక్కలు కోయడం చూశాను. నిదానంగా, తిన్నగా కోశారు. నా చెప్పుల చప్పుడు విని తిరిగి చూసి, చాకున్న ఎడమ చెయ్యి వీపు వెనక దాచారు. డెబ్బై రెండేళ్ల మనిషి.

"ఎన్నాల్నుంచండి?" అన్నాను.

"ఉగాది."

ఐదు నెలలు. నేను బజారుకు వెళ్లినప్పుడల్లా పాత చాకుతో చేసేవారట. బెండకాయలతో మొదలుపెట్టారట. కోసిన ముక్కలు వెనకవైపు గోడ మీద నుంచి పక్క స్థలంలోని ఆవులకు వేసేవారట. సంచిలో కూరగాయలు లెక్కకు తగ్గుతున్నాయని నేను కూరలమ్మే మనిషితో రెండుసార్లు తగువు పెట్టుకుని వచ్చాను. ఆమె దండుగకు మాట పడింది.

"నాతో సెప్పొచ్చు కదా" అన్నాను.

ఆయన సొరకాయ ముక్కల వైపు చూశారు.

"నువ్వే గదా అన్నావు" అన్నారు.

ఏమన్నానో నాకు గుర్తు రాలేదు. ఆయనే విడివిడి మాటల్లో చెప్పారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మూడో రోజు చూడటానికి చుట్టాలు వచ్చారు. అందరం భోజనానికి కూర్చున్నాం. ఆయన కూర గిన్నెలోని గరిటె ఎడమ చేత్తో అందుకోబోయారు. నేను అందరి ముందూ, "ఎడం సెయ్యెట్టకండి, అందరం తినేది" అన్నాను. ఆయన గరిటె వదిలేశారు.

అన్నానని ఒప్పుకోవడానికి గుర్తు అక్కర్లేదు. మా ఇళ్లలో ఎవరైనా అదే అంటారు. అన్నానని కూడా గుర్తుండదు. పిల్లలు ఎడమ చేత్తో తినబోతే చెయ్యి మీద కొట్టి పెంచాం. ఆ రోజు పుస్తకం తీసి చూశాను. రక్తపోటు రాసి ఉంది. మాత్రలు, వేళలు రాసి ఉన్నాయి. వచ్చినవాళ్లు ఆరుగురని, పాలు రెండు లీటర్లు తెప్పించామని కూడా ఉంది. ఈ మాట లేదు. ఆ తర్వాత ఏడు రోజులు కుడి చేతి ముద్రలు తీసినప్పుడు, ఇంకొక చెయ్యి ఉందన్న ఊహే నాకు రాలేదు. కిటికీ వైపు చూస్తూ ఆయన ఏమనుకున్నారో మరి.

సంచి కింద పెట్టి దగ్గరికి వెళ్లాను. వీపు వెనకున్న చెయ్యి ముందుకు తెచ్చి, చాకు తీసి గట్టు మీద పెట్టి, వేళ్లు విప్పి చూశాను. బొటనవేలి మొదట్లో ఎర్రగా పొక్కు లేచింది. నేను కుడి అరచేతి కోసం ఉంచిన ఉబ్బు ఎడమ చేత్తో పట్టుకుంటే సరిగ్గా అక్కడ గుచ్చుకుంటోంది.

"ఇక్కడ పొడుస్తందా?"

"పొడుస్తంది."

"మరి ఆదివారం నాడే సెప్తే ఏటి?"

"నెల్రోజులు రుద్దేవే" అన్నారు.

నేను ఆయన చెయ్యి వదిలాను. ఆయన చాకు మళ్లీ అందుకున్నారు. నాకు చూపించాలని కాబోలు, కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి సొరకాయ మీద పెట్టారు. బరువుకు అది కదలకుండా ఆగింది.

"ఇది వైసు" అన్నారు కుడి చేతిని చూపించి. చాకు కొంచెం ఎత్తి, "ఇది పని" అన్నారు.

ఫిట్టరుకు అందులో వింతేమీ లేదు. ఒకటి పట్టుకుని ఉండాలి, ఒకటి పనిచేయాలి. ఏ చెయ్యి ఏదన్నది ఆయన ఐదు నెలల కిందటే తేల్చుకున్నారు.

మధ్యాహ్నం మళ్లీ పిండి కలిపాను. ఈసారి ఎడమ చెయ్యి. ఒక్కసారే తీశాను, ఎందుకంటే ఆ చెయ్యి తనంతట తాను పట్టుకుంది, నేను వేళ్లు మూయాల్సిన పని లేకపోయింది. కొలిచి చూస్తే కుడి పలక ఉబ్బు మీద నాలుగు మిల్లీమీటర్లు తీసేయాలి. ఎడమ పలక మీద తీసిన బొటనవేలి గుంట ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. పలకలు ఊడదీసి కొత్తవి పెడతానన్నాను, మిగిలిన పట్టీలో సరిపడా కర్ర ఉంది. ఆయన వద్దని తలూపారు. గుంట ఉంటే ఉండనీ, ఉబ్బు తీసేయమన్నారు.

బ్లేడుకు గుడ్డ చుట్టి, గట్టు అంచుకు క్లాంపు వేసి ఆకురాయి పట్టాను. ఆయన పక్కనే నిలబడ్డారు. పది తోపులకొకసారి క్లాంపు విప్పించి, ఎడమ చేత్తో పట్టి చూసుకుని తిరిగి ఇచ్చేవారు. "ఇంకా" అనేవారు. మళ్లీ బిగించేదాన్ని. పద్దెనిమిది రోజులు పట్టించిన నూనె పూత కింద నుంచి పచ్చి ఎరుపు మళ్లీ బయటపడింది. ఆరుసార్లు "ఇంకా" అన్నారు. ఏడోసారి పట్టి చూసి, "సాలు" అన్నారు. కొలిచాను. మూడు మిల్లీమీటర్లే తగ్గింది. ఇంకొకటి తీయాలన్నాను.

"సాల్లే. సెయ్యికి తెలుస్తాది."

ఆకురాయి కింద పెట్టేశాను. నా పుస్తకంలో నాలుగు అని రాసినదాన్ని కొట్టేసి మూడు అని రాశాను.

మర్నాడు ఎమిరీ పేపరు, తడి గుడ్డ. ఆ రాత్రికి మొదటి పూత నూనె. మూడు పూతలకు తొమ్మిది రోజులు పడుతుందని చెప్పాను. ఆయన ఆదివారం అన్నారు. ఆదివారానికి నాలుగు రోజులే ఉన్నాయి, ఒక్క పూతే ఆరుతుంది, చేప నీళ్లకు మరకలు పడతాయన్నాను. పడనీ అన్నారు.

ఆదివారం తమ్ముడికి ఫోను చేసి కోయించకుండా తెమ్మన్నాను. కానాగంతలు తెచ్చాడు, పెద్దవి, నాలుగు. బావ గట్టు ముందు నిలబడి ఎడమ చేత్తో చాకు పట్టుకోవడం చూసి వాడు నా ముఖం చూశాడు. నేను ఉల్లిపాయలు కోసుకుంటూ ఉన్నాను. "బావా, తల నాకెట్టాలి, ముందే సెప్తన్నాను" అన్నాడు.

"నీకు తోకే" అన్నారు ఆయన.

మొదటి చేప పలక మీద నుంచి రెండుసార్లు జారింది. కుడి చేతి కింద తడి గుడ్డ వేసుకున్నాక ఆగింది. మూడో చేప తల వంకరగా తెగింది. నాలుగో చేపకు సరిగ్గా తెగింది. ఇదివరకు ఆయనకు నాలుగు చేపలకు పది నిమిషాలు చాలేవి. ఆ రోజు యాభై రెండు నిమిషాలు పట్టింది. ముక్కలు పదహారు, రెండు చిన్నవి. నేను కడిగి, చింతపండు పులుసు పెట్టాను.

భోజనానికి కూర్చున్నాం. ఆయన కంచంలో రెండు ముక్కలు వేశాను. ముళ్లు తీసుకుంటూ, ఎడమ చేత్తోనే చాలా నెమ్మదిగా తిన్నారు. తమ్ముడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాదీ అయిపోయింది. ఆయన ఇంకా తింటూనే ఉన్నారు. రెండో ముక్క అయ్యాక తలెత్తి గిన్నె వైపు చూశారు. నేను గరిటె మీద చెయ్యి వేయబోయి ఆగాను. గిన్నెను ఆయన ఎడమ పక్కకు జరిపాను. మూడో ముక్క ఆయనే వేసుకున్నారు.